చూపు కుదిరిన విగ్రహం: 8 అంగుళాల రాగి అవలోకితేశ్వరుడు

హనుమకొండలోని మా ఇంటి పూజా అరలో 10 నెలలుగా ఉన్న, బౌద్ధుల కరుణామూర్తి చతుర్భుజ (నాలుగు చేతుల) అవలోకితేశ్వరుని విగ్రహం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. విగ్రహం పీఠంతో కలిపి 8 అంగుళాల ఎత్తు ఉంటుంది, బరువు 2 కిలోలకు కొంచెం తక్కువ. లోపల బోలుగా ఉండే రాగి పోత, ఒంటికి ముదురు రంగు, ముఖానికి మాత్రం బంగారు పూత. ధర 13,800 రూపాయలు. కర్ణాటకలో మైసూరు నుంచి కొడగు వెళ్లే దారిలో, కుశాలనగర్ దగ్గరున్న బైలకుప్పె టిబెటన్ ఆవాసంలోని ఒక చిన్న దుకాణంలో కొన్నాను. ఈ విగ్రహం మాకు నచ్చింది. అయితే ఇందులో లోపాలు కూడా ఉన్నాయి, కొనేముందు నేను తెలుసుకోవలసి ఉండి తెలుసుకోని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. వాటన్నిటినీ దాచకుండా రాస్తాను.

మా అమ్మ వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. బాపు (మా నాన్న) యువకుడిగా ఉన్నప్పుడే బౌద్ధ దీక్ష తీసుకున్నవాడు కనుక మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ బుద్ధుని ప్రతిమ, పక్కన అంబేడ్కర్ చిత్రపటం తప్ప వేరే దేవుని పటం ఉండేది కాదు. రిటైరైన తర్వాత అమ్మ బౌద్ధ గ్రంథాల తెలుగు అనువాదాలు చదవడం మొదలుపెట్టి, ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రంలో బుద్ధుని శిష్యుడు శారిపుత్రునికి శూన్యతను బోధించే అవలోకితేశ్వరుని దగ్గర ఆగిపోయింది. లోకంలోని ప్రాణులందరూ దుఃఖం నుంచి విడుదల పొందేదాకా వారిని విడిచిపోనని ప్రతిజ్ఞ చేసిన బోధిసత్త్వుడని, లోకుల బాధ చూడలేక అతని తల పదకొండు తలలుగా పగిలిందని, వారిని ఆదుకోవడానికి వేయి చేతులు వచ్చాయని చెప్పే గాథ ఆమెను బాగా కదిలించింది. వార్డులో రాత్రిళ్లు ఒక్కతే ఉండి నాలుగు మంచాల వాళ్లు ఒకేసారి పిలిచినప్పుడు ఎటు పోవాలో తోచని మనిషికే ఆ వేయి చేతుల అర్థం బాగా తెలుస్తుందని అమ్మ అన్నది. ఆ మాట విన్న రోజే ఆమె కోసం విగ్రహం తేవాలని నిశ్చయించుకున్నాను.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పెట్టిన ఫోటో కింద స్పష్టంగా అవలోకితేశ్వరుడు అని ఉండటంతో 3,200 రూపాయలు చెల్లించి తెప్పించాను. పెట్టె తెరిస్తే అందులో ఉన్నది తారాదేవి. కుడికాలు కిందికి చాచి చిన్న తామర మీద మోపి, కుడిచేతిని వరమిచ్చే వరద ముద్రలో మోకాలి మీద ఉంచి, లేవడానికి సిద్ధంగా కూర్చున్న స్త్రీమూర్తి. అవలోకితేశ్వరుని కన్నీటి నుంచి తార పుట్టిందని బౌద్ధులు చెప్పుకుంటారు కాబట్టి ఇద్దరికీ దగ్గరి సంబంధమే ఉన్నది, కానీ ఇద్దరూ ఒకటి కారు. దేవతా విగ్రహాలను వాపసు తీసుకోబోమని ఆ అమ్మకందారు తేల్చి చెప్పాడు. పేరు తప్పుగా రాసి అమ్మిన తప్పు ఆయనదే అయినా డబ్బు తిరిగి రాలేదు. ఆ తారను అమ్మ తన మంచం పక్కన కిటికీలో గౌరవంగానే పెట్టుకున్నది, కాబట్టి ఆ విగ్రహాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఫోటో కింద పేరు చూసి కాదు, లక్షణాలు చూసి కొనాలన్న సంగతి అక్కడ తెలిసింది.

ఆ లక్షణాలేమిటో చెప్తాను. ఇళ్లలో పెట్టుకోవడానికి ఎక్కువగా దొరికే రూపం నాలుగు చేతులది. దీనిని షడక్షరి లోకేశ్వరుడు అంటారు, టిబెటన్లు చెన్‌రెజిగ్ అని పిలుస్తారు. పద్మాసనంలో కూర్చుంటాడు. ముందు రెండు చేతులు రొమ్ము దగ్గర అంజలి పట్టి ఉంటాయి, ఆ దోసిలి మధ్యలో కోరినది ఇచ్చే మణి, చింతామణి ఉంటుంది. వెనక కుడిచేతిలో అక్షమాల (జపమాల), వెనక ఎడమచేతిలో తామర ఉంటాయి. ఎడమ భుజం మీద జింక చర్మం, సిగలోనో కిరీటంలోనో ధ్యానముద్రలో ఉన్న చిన్న అమితాభ బుద్ధుడు కనిపిస్తారు. చేతిలో ఖడ్గం ఉంటే అది మంజుశ్రీ అనే మరో బోధిసత్త్వుడు. రెండే చేతులుండి తామర పట్టుకుంటే అది కూడా అవలోకితేశ్వరుడే, పద్మపాణి అంటారు. చైనా పద్ధతిలో తెల్లని వస్త్రం ధరించిన స్త్రీరూపంలో వచ్చేది గ్వాన్‌యిన్, జపాన్‌లో ఇదే బోధిసత్త్వుని కన్నన్ అంటారు. ఆన్‌లైన్ దుకాణాల్లో ఇవన్నీ ఒకే పేరుతో కలగాపులగంగా దొరుకుతాయి. ఎవరికి ఏ రూపం కావాలో ముందే తేల్చుకుంటే నాలాగా మోసపోయే అవసరం ఉండదు. మనవాళ్లు హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలను చూసినప్పుడు తల మీది పాము పడగలను బట్టి పార్శ్వనాథుని గుర్తుపడతారు కదా, ఇదీ అలాంటి పనే.

కిందటి సంవత్సరం కొడగు యాత్రకు పోయినప్పుడు బైలకుప్పెలో ఆగాము. అక్కడి నామ్‌డ్రోలింగ్ మఠంలోని పెద్ద బంగారు రంగు విగ్రహాలను చూసి బయటికి వచ్చిన తర్వాత, వీధిలోని ఒక దుకాణంలో టిబెటన్ మహిళ ఐదు చతుర్భుజ విగ్రహాలను బల్ల మీద వరసగా నిలబెట్టింది. ఐదూ నేపాల్‌లోని పాటన్ పట్టణం నుంచి తెప్పించినవని చెప్పింది. ఆ పట్టణంలోని నేవార్ శిల్పులు మైనపు పోత పనికి శతాబ్దాలుగా పేరు పొందినవారు. నేను అలవాటు ప్రకారం ఒక్కొక్కటి ఎత్తి బరువు చూస్తూ ఉంటే ఆమె హిందీలో, "దీదీ, బరువు తర్వాత చూడండి, ముందు ఇక్కడ కూర్చొని ముఖం చూడండి" అని ఒక పొట్టి పీట జరిపింది.

ఆ పీట మీద కూర్చున్నాకే నాకు విగ్రహం చూడటం తెలిసింది. నిలబడి చూసినప్పుడు ఐదింటికీ కళ్లు మూసుకున్నట్టే ఉన్నాయి. కూర్చొని తల కొంచెం ఎత్తి చూస్తే మూడు విగ్రహాల కళ్లు ఎటో పోయాయి, ఒకదాని కుడికన్ను ఎడమకన్ను కంటే గోటి అంచంత పైకి ఉన్నది. ఐదోది మాత్రం సరిగ్గా నన్నే చూసింది. పై రెప్ప సగం వాలి, కింది రెప్ప విల్లులా వంగి, ఆ రెండింటి మధ్య సన్నని నల్లని గీతలో కనుపాప కిందివైపు నిలిచి ఉన్నది. అవలోకితుడు అంటే కిందికి చూసేవాడనే కదా. ఆ చూపు లేకపోతే చేతులు ఎన్ని ఉన్నా, చింతామణి ఎంత మెరిసినా ఆ పేరు ఆ విగ్రహానికి అమరదు. నేను దానినే కొన్నాను. మిగతా నాలుగింటిలో రెండు దీనికంటే బరువైనవి, ఒకటి ధర కూడా తక్కువ, అయినా ఇప్పటికీ నాకు ఆ విషయంలో పశ్చాత్తాపం లేదు.

పనితనం విషయానికి వస్తే, మైనపు పోతలో ముందు మైనంతో బొమ్మను పూర్తిగా మలిచి, దాని మీద మట్టి పొరలు పూసి ఆరబెట్టి, కాల్చి మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహాన్ని పోస్తారు. మన ఆదిలాబాద్ వైపు ఓజా కళాకారులు చేసే డోక్రా బొమ్మలదీ మూలంలో ఇదే పద్ధతి. పోత తర్వాత మట్టి పగలగొట్టి, ఉలితో ఒక్కొక్క గీతను పదును చేయాలి. చౌక విగ్రహాల్లో ఎగ్గొట్టేది ఈ చివరి పనినే. మా విగ్రహంలో ఎడమ రొమ్ము మీద జింక తల ఉన్నది, బొటనవేలి గోరు కంటే పెద్దది కాదు. దానికి రెండు చెవులు, మూతి, మూసిన కళ్లు అన్నీ విడివిడిగా తెలుస్తాయి. మొదటి నెలంతా మా అమ్మ ఆ జింకను చూపించకుండా ఇంటికి వచ్చిన ఏ చుట్టాన్నీ పంపలేదు.

ముఖం పూత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బంగారు పొడిని జిగురులో కలిపి ముఖానికి పూసి, ఆరిన తర్వాత కళ్లు, కనుబొమలు, పెదవులు రంగులతో దిద్దుతారు. ఒంటికంతా బంగారు పూత ఉన్న విగ్రహాలు కూడా ఉంటాయి. వాటిలో పాత పద్ధతివి బంగారాన్ని పాదరసంతో కలిపి పూసి, నిప్పు మీద వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా పోగొట్టినవి. ఆ పొగ పనివాళ్ల ఆరోగ్యానికి చాలా చేటు, ధర కూడా చాలా ఎక్కువ. ముదురు రంగు రాగి ఒళ్లు, బంగారు ముఖం ఉన్న ఈ తరహా మా అవసరానికి చాలింది, చీకటి అరలో దీపం వెలుగు పడితే ముఖం ఒక్కటే ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక లోపాలు. సిగలో ఉన్న అమితాభుడు ఒక గింజంత బొడిపెగా ఉన్నాడే కానీ ముఖం లేదు. ఈ పరిమాణంలో అంత సూక్ష్మంగా రావడం కష్టమే కావచ్చు, కానీ 13,800 రూపాయలు పెట్టినప్పుడు కనీసం చేతుల ధ్యానముద్ర అయినా తెలియాలి. తామర పువ్వును వేరుగా పోసి ఎడమచేతికి చీల వేసి బిగించారు, అది ముట్టుకుంటే కదులుతుంది. పీఠం ముందువైపు రేకలు ఎంత అందంగా ఉన్నాయో వెనకవైపు అంత మొరటుగా వదిలేశారు. గోడకు ఆనించి పెట్టుకునేవారికి అది పట్టింపు కాదు, అద్దాల బీరువాలో నాలుగువైపులా కనిపించేలా పెట్టుకునేవారు ఆలోచించుకోవాలి. అన్నింటికంటే పెద్ద ఇబ్బంది అక్షమాలది, చిన్న స్ఫటిక పూసలను సన్నని దారానికి గుచ్చి వేళ్లకు తగిలించారు, ఆ దారం నాసిరకంది.

పీఠం అడుగు మూత లేకుండా తెరిచి ఉన్నది. ఇది లోపమనుకొని నేను బేరం ఆడబోతే ఆ దుకాణం ఆమె ఓపికగా వివరించింది. బౌద్ధ సంప్రదాయంలో ఖాళీ విగ్రహాన్ని అలాగే పూజలో పెట్టరు. మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, సుగంధ ద్రవ్యాలు లోపల నింపి, మధ్యలో ప్రాణదండంగా ఒక పుల్లను నిలిపి, అడుగున విశ్వవజ్రం (అడ్డంగా, నిలువుగా కలిసిన జంట వజ్రాల గుర్తు) చెక్కిన రాగి రేకుతో మూసి, లామాల చేత ప్రతిష్ఠ చేయించుకుంటారు. కొన్ని రోజులు విగ్రహాన్ని వదిలిపెడితే మఠంలో చేయించి పెడతానన్నది కానీ మాకు మరుసటి రోజే తిరుగు రైలు. మీకు వీలుంటే ఆ గడువు పెట్టుకొని వెళ్లండి, నాకు ఈ ఒక్క విషయంలో మాత్రం వెలితి మిగిలింది. ఇంటికి వచ్చాక అమ్మ "ఓం మణి పద్మే హూం" అని తెలుగు లిపిలో 108 సార్లు పొడవాటి కాగితం మీద రాసి, చుట్ట చుట్టి లోపల పెట్టింది. అది శాస్త్రోక్తమైన ప్రతిష్ఠ కాదని మాకు తెలుసు. ఆ షడక్షరి మంత్రం మొదట కనిపించే కారండవ్యూహ సూత్రం మంత్రాన్ని రాయడాన్ని, రాయించడాన్ని కూడా గొప్ప పుణ్యంగా చెప్తుంది కాబట్టి అమ్మ చేసింది తప్పు కాదని నేను నమ్ముతున్నాను.

తెరిచి ఉన్న ఆ అడుగు వల్ల ఒక ప్రయోజనం కూడా ఉన్నది. పైన ఎంత రంగు వేసినా లోపలి గోడ లోహం రంగు దాచలేరు. ఎర్రగా ఉంటే రాగి, పసుపుగా ఉంటే ఇత్తడి. రాగి అని చెప్పి ఇత్తడిని అంటగట్టకుండా ఉండాలంటే విగ్రహాన్ని తిరగేసి చూడటం కంటే తేలికైన పరీక్ష లేదు.

విగ్రహం ఇంటికి వచ్చిన రోజు బాపు చాలాసేపు దానిని చూసి, "బిడ్డా, దేవుళ్లను ఇడిసిపెట్టిన ఇంట్ల మళ్ల నాలుగు చేతుల దేవుడెందుకు?" అని అడిగాడు. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధంలోకి వచ్చినవారి చేత అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞలను చదివి పెరిగిన ఇల్లు కనుక ఆ ప్రశ్న న్యాయమైనదే. బోధిసత్త్వుడు లోకాన్ని సృష్టించినవాడు కాదని, వరాలిచ్చే దేవుడు కూడా కాదని, కరుణను ఒక మనిషి రూపంలో ఎదురుగా పెట్టుకోవడమని నేను చెప్పాను. ఆ 22 ప్రతిజ్ఞల్లోనే సమస్త ప్రాణుల పట్ల కరుణ చూపుతానన్న మాట ఉన్నదని అమ్మ గుర్తుచేసింది. బుద్ధుని కంటే ఒక మెట్టు కింద పెట్టండి అని మాత్రం బాపు అన్నాడు. టిబెటన్ల అరల్లో కూడా బుద్ధుని స్థానం పైనే ఉంటుంది కాబట్టి అది సంప్రదాయానికి సరిపోయింది. బాపు ఇప్పటికీ ఆ విగ్రహానికి మొక్కడు, మేము మొక్కమని అడగలేదు.

ఒక మెట్టు కింద పెట్టాలంటే అర మార్చాలి, అందుకు పెంబర్తికి పోయాము. జనగామ జిల్లాలో, హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే రోడ్డు మీద ఉన్న ఈ ఊరి ఇత్తడి రేకు పని కాకతీయుల కాలం నుంచీ పేరున్నది. లక్క పరిచిన దిమ్మ మీద రేకును అతికించి, చిన్న ఉలులతో కొట్టి బొమ్మ లేపుతారు. చెక్క చట్రానికి ఇత్తడి రేకు తొడిగిన 2 మెట్ల మందిరం కావాలని ఒక పెద్దాయనకు చెప్పాను. "అమ్మా, వరంగల్ల నుంచి అచ్చినోళ్లందరు కళాతోరణమే అడుగుతరు, నీకు గూడ గదే కొట్టియ్యాల్నా?" అని అడిగాడు. "వద్దు తాతా, తామర తీగ చాలు" అన్నాను. ఆ తర్వాత ఆయన టేపు తీస్తూ, "నిలవడి మొక్కుతరా, కూసోని మొక్కుతరా?" అని అడిగాడు. బైలకుప్పెలో పీట జరిపిన ఆమెకు, పెంబర్తిలో టేపు పట్టిన ఈయనకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు, ఇద్దరూ అడిగింది మాత్రం ఒకే సంగతి. అమ్మ మోకాళ్ల నొప్పి వల్ల కింద కాకుండా అడుగు ఎత్తు పీట మీద కూర్చుంటుందని చెబితే, దానిని బట్టి విగ్రహం కళ్లు ఆమె కళ్ల కంటే ఒక జానెడు పైకి వచ్చేలా మెట్టు ఎత్తు లెక్క కట్టాడు. మందిరానికి 9,000 రూపాయలు అయింది. మూడు వారాలన్న పని ఐదు వారాలు పట్టింది, కానీ చేతికి వచ్చిన తర్వాత ఒక్క మూల కూడా సరిచేయించే పని పడలేదు.

వాడకంలో అతి ముఖ్యమైన జాగ్రత్త చింతపండు గురించి. మన ఇళ్లలో పండుగకు ముందు రోజు రాగి, ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమడం అలవాటు. ఈ విగ్రహానికి ఆ పని ఎంతమాత్రం చేయకూడదు. ఒంటి మీది ముదురు రంగు లోహానికి మందు పట్టించి తెచ్చిన రంగు, పులుపు తగిలితే ఎర్రటి మచ్చలుగా లేచిపోతుంది. ముఖం మీది బంగారు పూత జిగురుతో నిలిచింది కనుక నీళ్లతో అభిషేకం చేస్తే కళ్లతో సహా పోతుంది. దసరాకు వచ్చిన మా పెద్దమ్మ భక్తితో నుదుట తడి కుంకుమ పెట్టింది, తుడిచేసరికి కనుబొమల మధ్య చిన్న మచ్చ మిగిలిపోయింది. ఇప్పుడు బొట్టు పెట్టాలనుకునేవారి కోసం పీఠం ముందు ఒక తామరాకు పళ్లెం ఉంచాము, అందులో పెడతారు. శుభ్రం చేయడానికి పొడిగా ఉన్న మెత్తని కుంచె చాలు, వారానికి ఒకసారి దుమ్ము దులిపితే సరిపోతుంది.

టిబెటన్ పద్ధతిలో విగ్రహం ముందు అర్పణగా పెట్టే 7 నీళ్ల గిన్నెలను వరంగల్ చౌరస్తాలోని పాత్రల దుకాణంలో ఇత్తడివి కొన్నాను. పొద్దున్నే ఎడమ నుంచి కుడికి నింపాలి, గిన్నెకూ గిన్నెకూ మధ్య ఒక గింజ పట్టేంత ఎడం ఉంచాలి, సాయంత్రం కుడి నుంచి ఎడమకు వంచి తీయాలి. ఆ గిన్నెలను మాత్రం చింతపండుతో ఎంత తోమినా పరవాలేదు.

మొత్తం మీద, ముఖం చూసి ఎంచుకొని, లోపల నింపించుకునేందుకు గడువు పెట్టుకొని వెళ్లగలిగిన వారికి ఈ తరహా పాటన్ రాగి విగ్రహం ఆ ధరకు తగినదే. నేరుగా చూడకుండా ఫోటో మీద కొనేవారికి మాత్రం నేను చెప్పలేను, ఎందుకంటే ఒకే అచ్చులా కనిపించిన ఆ ఐదింటిలో చూపు కుదిరింది ఒక్కదానికే. ముసలివాళ్లున్న ఇంట్లో మోయడానికి 8 అంగుళాలే అనుకూలం, 12 అంగుళాలది ఎత్తడం వాళ్లకు కష్టం.

అక్షమాల మూడో నెలలోనే తెగింది. పూసలు పీఠం మీద, నీళ్ల గిన్నెల్లో, కింద చాప మీద పడ్డాయి, అన్నీ దొరికాయి. దుకాణానికి ఫోన్ చేస్తే కొత్త మాల పంపుతామన్నారు కానీ అమ్మ ఒప్పుకోలేదు. తన పాత పెట్టెలోంచి గాయాలకు కుట్లు వేసే దారం తీసి, కళ్లజోడు పెట్టుకొని, ఒక్కొక్క పూసనూ గుచ్చి, చివర ఆసుపత్రి ముడి వేసి తిరిగి ఆ వేళ్లకు తగిలించింది. 7 నెలలైంది, అది తెగలేదు.